తప్పు నాదంటే నాదని

నలభై నాలుగో ఏట నేను స్కూటీ నేర్చుకున్నాను. అంతకుముందు పదిహేనేళ్లు కోరుట్ల నుంచి నేను పాఠాలు చెప్పే ఊరికి ఆటోలోనే వెళ్లేదాన్ని, డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని. స్కూటీ కొనమని పట్టుబట్టింది మా ఆయన. ఆయన బహ్రెయిన్‌లో ఒక కంపెనీ స్టోరులో పనిచేస్తాడు. వీడియో కాల్లో నాకు బ్యాలెన్సు నేర్పింది కూడా ఆయనే. ఫోను గోడ మీద నిలబెట్టి నేను వాకిట్లో చుట్లు కొడుతుంటే అక్కడి నుంచి "కాళ్లు పైకి పెట్టు, కాళ్లు" అనేవాడు.

రెండేళ్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒంటిపూట బడులప్పుడు, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, కూరగాయల మార్కెట్ దాటాక మా వీధి మలుపు దగ్గర ఎడమ ఇండికేటర్ వేసి కుడివైపు తిప్పాను.

వెనకనుంచి ఒక బండి వచ్చి నా బండిని గుద్దింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. నేను పక్కకు ఒరిగి, ఎవరో పీట వేసి కూర్చోబెట్టినట్టు రోడ్డు మీద కూర్చున్నాను. గుద్దిన ఆయన మాత్రం వీపున ఉన్న పెద్ద నల్ల సంచితో సహా వెల్లకిలా పడ్డాడు. సంచి కింద, ఆయన పైన. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి గానీ లేవడం మాత్రం చేతకావడం లేదు. చూస్తే మా వీధికి పార్సిళ్లు తెచ్చే ఆయన. యాభై దాటిన మనిషి. సిరిసిల్ల దగ్గర తంగళ్లపల్లిలో ముప్ఫయ్యేళ్లు సాంచాల మీద బట్ట నేసి, ఆ మరమగ్గాల పని తగ్గాక కోరుట్లలో బిడ్డ ఇంటి దగ్గర ఉంటూ ఈ పనిలో చేరాడని ఎప్పుడో చెప్పాడు.

"సారీ అన్నా, తప్పు నాదే" అన్నాను కూర్చున్న చోటి నుంచే.

"మీదేంది టీచరమ్మా. తప్పు నాది. ఫోన్ల లొకేషన్ చూసుకుంట అస్తున్న" అన్నాడు పడుకున్న చోటి నుంచే.

"ఇండికేటర్ తప్పేసిన."

"మీ ఇండికేటర్ నేను చూడనే లేదు. చూస్తె గద, తప్పేసిండ్రో ఒప్పేసిండ్రో తెలిసేది."

మలుపు దగ్గర చెరకురసం బండి పెట్టుకునే ఆయన మిషను ఆపి పరుగెత్తుకొచ్చాడు. "ముందుగాల లేవుండ్రి. లేచినంక మాట్లాడుకోండ్రి" అని ఇద్దరినీ లేపాడు. చుట్టూ పది పదిహేను మంది చేరారు. వాళ్లందరూ మా మొహాలు మార్చి మార్చి చూశారు. మేమేమో ఒకరికొకరం సారీ చెప్పుకుంటూనే ఉన్నాం. కాసేపటికి ఒకాయన "గీడ ఏం లేదు పారా" అని పక్కవాణ్ణి తీసుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు రోడ్డు మీద పడ్డ పార్సిళ్లు ఏరి సంచిలో వేశారు. రెండు బండ్లనూ లేపి పక్కన పెట్టారు. ఖాళీ అయిన జాగాలో ఒక కారు వచ్చి ఆగింది. పార్సిళ్లాయన కుడి మణికట్టు ఉబ్బుతోంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, "ఏం గాదు, ఏం గాదు" అంటూ సంచిలోకి తొంగి చూసుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. శుక్రవారం ఆయనకు సెలవు. నేను ఇల్లు చేరే వేళకు వీడియో కాల్ చేయడం అలవాటు. ఇంటి గోడకు బదులు చెరకురసం బండి కనిపించేసరికి సంగతి చెప్పాల్సి వచ్చింది. విని "ఒక్క నిమిషం" అన్నాడు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో ఎవరో వకీలు చెప్పిన వీడియో ఒకటి ఆయన ఎప్పుడో చూసి, పాయింట్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడట. నేను స్కూటీ కొన్న వారంలోనే. ఆ కాగితం తీశాడు.

"ఫస్ట్ పాయింట్. సారీ చెప్పొద్దు."

"చెప్పిన."

"ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టలే. ఆయన గూడ చెప్పిండు."

"ఆయన చెప్తె చెప్పనీ. రెండో పాయింట్. బండ్లు జరపొద్దు. జరిపిండ్రా?"

"జరిపిండ్రు."

"మళ్ల ఉన్న కాడ పెట్టుండ్రి. నాలుగు దిక్కులకెళ్లి ఫోటోలు తియ్యాలె."

నేను వద్దనేలోపే చెరకురసం ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని "చెప్పుండ్రి సార్" అన్నాడు. అప్పటిదాకా ఏం చేయాలో తెలియక నిలబడ్డ జనానికి ఒక్కసారిగా పని దొరికింది. కారాయనను పిలిచి కారు తీయించారు. నా స్కూటీని మోసుకొచ్చి పడుకోబెట్టారు. హ్యాండిల్ మార్కెట్ వైపు ఉందా, మా వీధి వైపు ఉందా అన్న దాని మీద చర్చ జరిగింది. అసలు ప్రమాదాన్ని కళ్లారా చూసింది ఒక్క చెరకురసం ఆయనే, కానీ అందరికీ గుర్తుంది.

"మనిషి ఎక్కడ పడ్డడు?" అంది ఫోను.

"గీడ సార్" అని పార్సిళ్లాయన తనే వచ్చి చూపించాడు. చూపించి ఊరుకోక, సంచి వీపుకు తగిలించుకుని మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు. నేను "అన్నా, వద్దు, లే" అంటున్నాను. "రెండు నిమిషాల పని టీచరమ్మా, సార్ అంత దూరంల ఉండి అడుగుతుండు" అన్నాడాయన.

ఒంటిగంట ఎండ. తారు కాలుతోంది. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి తెచ్చి ఆయన కాళ్ల కింద పరిచారు. మా ఆయన అది చూశాడు.

"గా ఫ్లెక్సీ యాక్సిడెంట్ అయినప్పుడు ఉన్నదా?"

"లేదు సార్."

"అయితె తియ్యుండ్రి."

తీశారు. ఆయన మడమలు పైకెత్తి పట్టుకుని పడుకున్నాడు. నాలుగు దిక్కుల ఫోటోల్లో మూడు దిక్కులవి పూర్తయ్యేసరికి జేబులో ఫోను మోగింది. ఎడమ చేత్తో తీసి చెవికి ఆనించుకున్నాడు. "ఆ అక్కా. దగ్గర్లనే ఉన్న. గా చెప్పులే గద, ఉన్నయ్... లేదక్కా, పండుకోలే. డ్యూటీల్నే ఉన్న."

ఆ వేళకు మార్కెట్ వైపు నుంచి వచ్చినవాళ్లకు మొదటి ప్రమాదం సంగతి తెలియదు. రోడ్డు మీద రెండు బండ్లు, ఒక మనిషి కనిపించారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది వచ్చేసరికి నాలుగో దిక్కు ఫోటో అయిపోయి, ఆయన లేచి ప్యాంటు దులుపుకుంటున్నాడు. స్ట్రెచర్ పట్టుకుని దిగిన ఇద్దరూ పడిన మనిషి కోసం వెతికారు.

"గిప్పటిదాక పండుకున్నడు. గిప్పుడే లేచిండు" అన్నాడు చెరకురసం ఆయన.

పాపం వాళ్లు మణికట్టు చూసి, అట్టముక్క పెట్టి కట్టు కట్టి, ఎక్స్‌రే తీయించాలి, ఎక్కమన్నారు. సంచి అప్పజెప్పనిదే తాను ఎక్కడికీ రానన్నాడు ఆయన. ఆఫీసుకు ఫోన్ చేశానని, ఎవరో వచ్చి సంచి తీసుకుంటారని, అది తన చేతుల మీదుగా పోవాలని చెప్పాడు. అంబులెన్సు వాళ్లు ఇంకో పిలుపు రావడంతో వెళ్లిపోయారు. వాళ్ల వెనకే హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. పెద్ద వయసు మనిషి, ఎండాకాలంలో జలుబు పట్టి రుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఎవలు గుద్దిండ్రు?"

"నేను" అన్నాం ఇద్దరం.

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కంప్లైంట్ ఎవలు ఇస్తరు?"

ఈసారి ఇద్దరమూ నోరు తెరవలేదు.

"ఎండల ఎందుకు. స్టేషనుకు రాండ్రి, ఫ్యాన్ ఉంటది" అన్నాడు. సంచి తీసుకోవడానికి వచ్చే మనిషికి కూడా అక్కడికే రమ్మని చెప్పించాడు.

స్టేషన్లో మమ్మల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఓపికగా అడిగాడు. ఇండికేటర్ సంగతి నేను చెప్పాను. లొకేషన్ సంగతి ఆయన చెప్పాడు. చెప్పుల కస్టమర్ లొకేషన్ ఒక చెరువు మధ్యలో చూపిస్తోందట, అది నిజమా కాదా అని చూస్తూ వచ్చాడట. హెడ్ కానిస్టేబుల్ ఆ ఫోను తీసుకుని చెరువును తనూ చూశాడు.

"ఇద్దరు గుద్దినోళ్లే అయితె దెబ్బ తిన్నోళ్లు ఎవలు మరి?" అన్నాడు. "కేసు ఒద్దంటె మీల మీరు ఒక రాజీ కాయితం రాసుకొని పోండ్రి. రేపు ఎవరన్న అడిగితె చూపెట్టనీకి ఉంటది. టీచరమ్మా, నువ్వే రాయి. నేను చెప్త."

ఆయన చెప్పాడు, నేను రాశాను. తేదీ, స్థలం అయ్యాక "మేము ఇరువురము మాటా మాటా అనుకొని" అన్నాడు. నా కలం ఆగింది.

"మాటా మాటా అనుకోలే సార్."

"అనుకోకుంటె రాజీ ఎందుకు పడ్డట్టు? చదివేటోళ్లు అడుగరా?"

పార్సిళ్లాయన నా వైపు వంగి, "రాయుండ్రి టీచరమ్మా. నేను కోపంగ మాట్లాడిన అని రాయుండ్రి. నాకేం ఫరక్ పడది" అన్నాడు. ఒక్కడి మీదే వేయడం నాకు బాగా అనిపించలేదు. నేను కూడా పరుషంగా మాట్లాడానని రాశాను. పరుషం అన్న మాట చూసి హెడ్ కానిస్టేబుల్ చాలాసేపు ఆలోచించాడు. "అక్షరాలు మంచిగున్నయ్. కొట్లాడినోళ్లు గింత మంచిగ రాస్తె నమ్ముతరా" అన్నాడు గానీ మార్చమనలేదు. పార్సిళ్లాయన ఎడమ చేత్తో సంతకం చేస్తుంటే అక్షరాలు కిందికి జారుతున్నాయి. నేను అలవాటుకొద్దీ "గీత మీద, గీత మీద" అన్నాను. ఆయన నాలుక బయటపెట్టి, గీత మీదికి తెచ్చి పూర్తి చేశాడు.

అంతలో ఒకావిడ ఆటో దిగి లోపలికొచ్చి, గుమ్మం దగ్గరి పోలీసును "చెప్పులు ఈన్నే ఇస్తున్నరట గద" అని అడిగింది. చెరువులో ఉండే అక్క. ఎంతకూ రాకపోయేసరికి మళ్లీ ఫోన్ చేస్తే, పార్సిళ్లాయన ఎక్కడున్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడట. ఆవిడ మా బెంచీ మీద కూర్చుని పెట్టె విప్పి చెప్పులు తొడుక్కుంది.

"చిన్నగైనయ్."

"వాపస్ రాయనా అక్కా?"

"ఉండు, నడిచి చూస్త."

బల్ల దగ్గర నుంచి లాకప్పు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. లాకప్పులో ఎవరూ లేరు. ఇంకోసారి వెళ్లొచ్చింది. హెడ్ కానిస్టేబుల్ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "నాలుగు దినాలు తొడిగితె సాగుతయ్ అమ్మా" అన్నాడు. ఆవిడ సరేనంది. తన ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు ఆవిడ చదివితే, పార్సిళ్లాయన చెయ్యి పనికిరాదు కాబట్టి ఆయన ఫోన్లో నేను నొక్కాను. డెలివరీ అయిందని పచ్చటి టిక్కు వచ్చింది. ఆ టిక్కు చూసి ఆయన మొహంలో వచ్చిన నెమ్మది నాకింకా గుర్తుంది. అప్పటిదాకా నొప్పికి గానీ, స్టేషనుకు గానీ ఆయన ఏమంత చలించలేదు. ఆ చెప్పులే మనసులో పెట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఆఫీసు మనిషి వచ్చి సంచి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేకు జగిత్యాల వెళ్లాలని నిర్ణయించింది మా ఆయన. బహ్రెయిన్‌లో తనతో ఉండే జగిత్యాల వాళ్లందరినీ అడిగి ఎముకల డాక్టరును ఎంచాడు. పార్సిళ్లాయన బిడ్డ ఆ వేళ మెట్‌పల్లిలో ఏదో శుభకార్యానికి పోయింది, చెప్పి పరేషాన్ చేయొద్దన్నాడు. నేనే వెంట వెళ్లాను. బస్సులో కండక్టరు నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ ఇచ్చి, ఆయనను "నీకు లేదు పెద్దమనిషీ" అన్నాడు. ఆయన నవ్వాడు.

దవాఖానలో పేరు రాసే అమ్మాయి "పేషెంట్‌కు మీరు ఏమైతరు మేడమ్?" అని అడిగింది.

"గుద్దినదాన్ని."

"లేదమ్మా, గుద్దింది నేను" అన్నాడు వెనకనుంచి.

ఆ అమ్మాయి ఇద్దరినీ చూసి, ఆలోచించి, చెల్లె అని రాసుకుంది.

మణికట్టులో చిన్న ఎముక చిట్లిందని, ఆరు వారాలు సిమెంటు పట్టీ ఉండాలని డాక్టరు చెప్పాడు. పట్టీ వేయడం అయ్యాక, మేము లేచి వస్తుంటే వెనక్కి పిలిచాడు.

"మేడమ్, మీరెందుకు కుంటుతుండ్రు?"

"కుంటుతున్ననా?"

ఎక్స్‌రే తీస్తే కుడికాలు చిటికెన వేలు విరిగి ఉంది. చెప్పులోంచి పక్కకు పొడుచుకొచ్చి వంకాయ రంగుకు తిరిగింది. మధ్యాహ్నం నుంచి ఆ కాలుతోనే ఫోటోలకు నిలబడ్డాను, స్టేషను మెట్లెక్కాను, బస్సెక్కాను. నొప్పి తెలియలేదు. డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి చూపించిన క్షణం నుంచి మాత్రం ప్రాణం పోయేంత నొప్పి మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ, బల్ల అంచు పట్టుకుని ఏడ్చాను. నొప్పికో, అప్పటిదాకా ఏడవనందుకో తెలియదు.

పార్సిళ్లాయన కంగారుపడిపోయాడు. "నేను చెప్తనే ఉన్న గద, తప్పు నాదని" అని తన ఫోన్లోంచి మా ఆయనకు చేశాడు. ఫోటోల కోసమని మధ్యాహ్నమే ఒకరి నంబరు ఒకరు తీసుకున్నారట. "సార్, టీచరమ్మ వేలు ఇరిగింది. నన్ను మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు.

అటునుంచి మా ఆయన గొంతు నాకు కూడా వినిపించింది. "అన్నా, సారీ చెప్పొద్దు అన్న గద. ఫస్ట్ పాయింటే అది."

నాకు వేలు కదలకుండా పక్క వేలికి కలిపి కట్టారు. సోమవారం బడికి పోతే టీచర్లందరూ వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. పార్సిళ్లాయనకు రెండు కాళ్లు పోయాయని వాళ్లు విన్నారు. కాదు, మణికట్టు ఒకటే అన్నాను. నేను భయపడి దాస్తున్నాననుకున్నారు. మా హెడ్ మాస్టర్ నన్ను పక్కకు పిలిచి, "ఏం గాదు మేడమ్, ధైర్యంగ ఉండుండ్రి. కృత్రిమ కాళ్లు మంచివి అస్తున్నయ్" అన్నాడు.

పట్టీతో పని చేయలేక ఆయన తంగళ్లపల్లికి ఇంటికి వెళ్లిపోయాడు. మూడో ఆదివారం నేను చూడడానికి వెళ్లాను. కోరుట్లలో బస్సెక్కి రుద్రంగి మీదుగా సిరిసిల్లలో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. వాళ్ల గల్లీలో రెండిళ్లలో సాంచాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడాలి. నల్లా దగ్గర నీళ్లు పడుతున్న ఒకావిడను ఇల్లు అడిగాను.

"మీరెవలు?"

"కోరుట్ల టీచర్ను. ఆయనకు యాక్సిడెంట్ అయింది గద, నా బండితోనే."

ఆవిడ బిందె కింద పెట్టింది. "టీచరమ్మ కోమాల ఉన్నదన్నరు."

"లేదమ్మా. వేలు ఇరిగింది."

ఆవిడ నా పాదం చూసింది, మొహం చూసింది. "మేము దండం గూడ పెట్టుకున్నం నీ కోసం" అంది. కోమాలో లేనందుకు నాకే కొంచెం తప్పు చేసినట్టనిపించింది. ఇల్లు చూపించడానికి ఆవిడతో పాటు ఇంకో నలుగురు వచ్చారు.

ఆయన రేకుల కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పట్టీ మీద బిడ్డ కూతురు పువ్వులు గీసింది. ఆయన భార్య తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూస్తూనే, చేతులు చూడకుండానే చుడుతూ మాట్లాడింది.

"గీయన ఇంట్ల ఉంటె నా పని సాగుతలేదు టీచరమ్మా. పొద్దంత ఫోనే."

"ఎవలతోటి?"

"ఎవలతోటేంది. మీ సార్ తోటే."

నాకు తెలియదు. మా ఆయన రోజూ నాతో మాట్లాడేవాడు గానీ ఒక్కనాడూ చెప్పలేదు. పార్సిళ్లాయన వాళ్లావిడ వైపు కోపంగా చూసి, తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. మొదట మా ఆయన పట్టీ సంగతి అడగడానికి ఫోన్ చేశాడట. తర్వాత వేళ్లు ఎలా ఆడించాలో చెప్పడానికి చేశాడట. అదయ్యాక ఊరికే. ఈయన సాంచాల మీద పని చేసిన రోజుల గురించి అడుగుతాడట. తన రూములో వండుకున్న కూర చూపిస్తాడట. మా కొడుకు పెళ్లి దాకా తను అక్కడే ఉండాలో, ఇప్పుడే వచ్చేయాలో అని కూడా అడిగాడట. అది నన్ను ఎప్పుడూ అడగలేదు.

"గా దినం లిస్టు సదివిండు గద" అన్నాడు ఆయన. "ఫోన్ పెట్టినంక సార్‌కు మంచినీళ్ల గిలాస సుత పట్టరాలేదట. మీకు చెప్పొద్దన్నడు. నేను చెప్పిన అని అనకుండ్రి."

వాళ్లావిడ చాయ తెచ్చింది. తాగుతుండగా ఆయన ఫోను మోగింది. తెర మీద మా ఆయన, చేతిలో గరిట. నన్ను చూసి నిర్ఘాంతపోయాడు.

"నువ్వు గక్కడేం చేస్తున్నవ్?"

"మీరేం చేస్తుండ్రు?"

"పప్పు పోపు పెడుతున్న" అన్నాడు. "అన్న పోపుల ఎల్లిపాయ ఎప్పుడెయ్యాలె అన్నది చెప్తనన్నడు."

పోపు మాడే వాసన మాకు రాకపోయినా పొగ మాత్రం కనిపించింది. బీడీలు చుట్టే ఆవిడ ఫోను తన వైపు తిప్పమని, "జీలకర్ర చిటపటలాడినంక సార్" అని చెప్పింది. వెంట వచ్చిన నలుగురూ వంగి చూశారు. కోమా లేకపోయినా ఏదో ఒకటి చూడడానికి దొరికింది వాళ్లకు.

వానలు పడ్డాక పార్సిళ్లాయన మళ్లీ పనిలో చేరాడు. ఈసారి మెట్‌పల్లి వైపు ఇచ్చారు. చెయ్యి బరువులెత్తుతోందని, బండికి కొత్త అద్దం వేయించాడని, బిడ్డ ఇంటికి దూరమైందని తెలిసింది. ఇవన్నీ నాకు బహ్రెయిన్ నుంచే తెలుస్తాయి. మా వీధికి ఇప్పుడు వేరే అతను వస్తున్నాడు. గేటు ముందు హారను కొట్టి, పార్సిలు గోడ మీద పెట్టి, ఫోటో తీసి వెళ్లిపోతాడు.

మొన్న శుక్రవారం నేను మా ఆయనతో ఇంటి పైకప్పు కురుస్తున్న సంగతి మాట్లాడుతున్నాను. మధ్యలో ఆయన తెర పైభాగం వైపు చూసి, "ఒక్క నిమిషం ఆగు, అన్న చేస్తుండు" అని నా కాల్ కట్ చేశాడు.